జున్ను పంపిన ఇళ్లు

మా తాతగారి కాలంలో మా ఇంట ఆవు ఈనితే ఊరందరికీ తెలిసేది. మూడు రోజుల ముర్రుపాలు పూర్తిగా పిండి, జున్ను వండి, మూత పెట్టిన ఇత్తడి గిన్నెల్లో పెద్ద ఇళ్లన్నిటికీ పంపేవారు. మాయ పడేదాకా దూడకు పొదుగు చూపించేవారు కాదు. ఆ తరవాత కూడా ఆవు పాలు చేపడానికి రెండు గుక్కలు తాగనిచ్చి లాగేసేవారు. అప్పుడూ దూడలు పోయేవేమో. మంద పెద్దది, ఎవరూ పట్టించుకోలేదు.

సాలూరు దిగువన ఇల్లూ భూములూ చేజారాక, పందొమ్మిది వందల ఇరవైల మొదట్లో హుకుంపేట దగ్గర కొండ మీదికి చేరాం. అమ్మ, నేను, ఎనిమిది ఆవులు. నాకు ఇరవై రెండేళ్లు. మా తాతగారి మందలో మిగిలినవి ఆ ఎనిమిదే. నాలుగు ముసలివి, నాలుగు చూడివి. ఈ నాలుగింటికి పెయ్యలు పుట్టి నిలిస్తేనే మంద ఉంటుంది. అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట ఇద్దరం పైకి అనుకోలేదు.

మొదటి ఆవు వానల్లో ఈనింది. పెయ్య. అడవి బంగళాకు వచ్చిపోయే అధికారికి, మిషన్ బడి మాస్టారికి, ఊరి పెద్దకు జున్ను పంపాం. మాస్టారు గిన్నె కడిగి తిప్పి పంపుతూ, "మీకెందుకండీ ఇంత శ్రమ" అని కబురు చేశాడు. అది మర్యాద అనుకున్నాను.

నాలుగో రోజున పెయ్యకు తెల్లపారుడు పట్టుకుంది, తెల్లటి విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, చెవులు చల్లబడ్డాయి. వాము కషాయం పోశాం, పొగ వేశాం, వాత పెట్టించాం. ఐదో రోజున చనిపోయింది. కొండ చలి పడలేదన్నాం. రెండో ఆవుకు కోడెదూడ. దానికీ అదే పారుడు, అదే ఐదో రోజు.

మా పశువులు కాసేది దగ్గరి కొండ ఊరి ముసలాయన. రెండో దూడను పూడ్చి, గునపం కడుక్కుంటూ అడిగాడు.

"బాబూ, ఒక మాట సెప్పనా?"

"చెప్పు."

"ఆ మొదటి పాలు దూడకి ఇడిసెయ్యండి. మా కాడ ఆవుని పితకం. దాని పాలు దాని బిడ్డవి. ఈ రోగం మాకు తెల్దు."

"మా ఇంటి పద్ధతి నీ దగ్గర నేర్చుకోవాలా?"

"నేర్సుకోమన్నానా బాబూ? దూడ సచ్చిపోతందన్నాను."

పేడ ఎత్తుతున్న అతని భార్య నవ్వింది. "ఊరుకోవయ్యా. బాబుగారి ఆవులు దూడల్ని ఈనుతాయేటి? జున్ను ఈనుతాయి గానీ."

నేను వెనక్కి తిరగకుండా ఇంట్లోకి వెళ్లాను. మూడో ఆవు ఈనినప్పుడు కూడా మూడిళ్లకూ గిన్నెలు వెళ్లాయి. దానికి పుట్టిన పెయ్యనూ మొదటి రెండింటి పక్కనే పూడ్చాం.

ఆఖరిది మందలో మేలైన ఆవు. ఒక ఉదయం పెయ్యను ఈనింది. అదే పూట అధికారి భార్యతో సహా బంగళాకు వచ్చాడని బంట్రోతు కబురు తెచ్చి, వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ గిన్నెలు తోమించింది. నేను చెంబు పట్టుకుని పశువుల సాలలోకి వెళ్లాను.

ముసలాయన గొంతుక్కూర్చుని, దూడ మూతిని పొదుగుకు ఆనించి పట్టుకున్నాడు. "బేగి తాగే గుంటా, బాబొచ్చేత్తాడు" అంటున్నాడు.

"ఎవరి సెలవుతో?" అన్నాను.

అతను ఉలిక్కిపడ్డాడు. "అదే ఎతుక్కుంది బాబూ, నానేటి సేసేది?"

దూడ తోక ఆడిస్తూ తాగుతోంది. అతను చెప్పింది నిజమని అప్పటికే నాకు తెలుసు. మూడు గోతులు చూసినవాణ్ణి. కానీ అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఆమె వెనక బంట్రోతు. సాలలో ఎవరి మాట చెల్లుతుందో చూడటానికే వాళ్లు నిలబడ్డారనిపించింది. పలుపు దూడ మెడకు వేసి, నేనే లాగి గుంజకు కట్టాను. పాలు నేనే పిండాను. చిక్కగా, పసుప్పచ్చగా చెంబు నిండాయి.

ముసలాయన దూడ నోటి పక్కన అంటిన నురగను తువ్వాలుతో తుడిచాడు.

ఐదో రోజున అది చనిపోయింది. నాకు ఏడుపు రాలేదు. అన్నం తిన్నాను, రెండోసారి వడ్డించుకున్నాను కూడా. అతను గొయ్యి తీసి, "తోలు కావాలేటి?" అని అడిగాడు. దూడ లేదని ఆవు పాలు ఎగబెట్టకుండా ఉండాలని అమ్మ కావాలంది. తోలు ఒలిచి ఇచ్చి, మిగిలింది పూడ్చి వెళ్లాడు. మర్నాటినుంచి అతనూ రాలేదు, భార్యా రాలేదు.

తోలులో గడ్డి కూరి అమ్మే కుట్టింది. దాన్ని ఆవు ముందు నిలబెట్టి ఉప్పు చల్లాను. ఆవు వాసన చూసింది. కాసేపటికి నాకడం మొదలుపెట్టింది, చేపింది. పాలేరు లేడు కనక పొదుగు కింద నేనే కూర్చున్నాను. మధ్యలో అది నాకడం ఆపి ఎటో చూసింది, ధార సన్నబడింది.

"ఉప్పు అయిపోయినట్టుంది, ఇంకాస్త చల్లు" అంది అమ్మ.

లేచి చల్లాను.