సరిగ్గా చెప్పానా?

రెండు పొరుగు దేశాల నిపుణులను ఏడాదిపాటు ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే శాంతి ఫెలోషిప్‌కి ఎంపికైంది ఆమె. అక్కడ కట్టుబాటు ఒకటే: ఎదుటివాళ్లు అన్నది ముందు తిరిగి చెప్పి, "సరిగ్గా చెప్పానా?" అని అడిగి, వాళ్లు తలూపాకే తన మాట ఎత్తాలి. ఆ అలవాటు ఇంటిదాకా పాకింది. "కూరలో ఉప్పు తక్కువైందంటున్నారు, సరిగ్గా చెప్పానా?" అంటే, "మా ఇంటి చిలకమ్మ!" అని మొగుడు నవ్వేవాడు.

ఆవేళ అవతలి దేశపు చరిత్ర మేష్టారు చల్లారిన టీ కప్పును రెండు చేతులా పట్టుకుని, "యుద్ధంలో, మా ఊరి ఎదురుగా ఉన్న కొండ మీంచి మీ ఫిరంగి గుండు మా వంటింటి మీద పడింది. అమ్మ లోపలే ఉంది," అన్నాడు. చిలకమ్మ కళ్లజోడు తుడుచుకుని, పొల్లుపోకుండా తిరిగి చెప్పింది. అతను తలూపాడు. ఇక ఆమె వంతు. దాచుకుంటే అడిగేవాళ్లు లేరు.

"అప్పుడు ఆ కొండ మీద ఫిరంగి దగ్గరున్నది మా తమ్ముడే."

అతని కుర్చీ కిర్రుమంది. లేచి వెళ్లిపోతాడనుకున్నారంతా. అతను కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"ఫిరంగి దగ్గరున్నది మీ తమ్ముడు," అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "సరిగ్గా చెప్పానా, అక్కా?"

తలూపడానికి చిలకమ్మకు చాలాసేపు పట్టింది.