బాబాయి ఊకలో దాచిన కత్తి

కొలిమి బాబాయి పోయాడని కబురొచ్చేసరికి నా చేతిలో పండుగప్ప ఉంది. రేపల్లె బజారులో చేపల కొట్టు నాది. కూరలమ్మే ఆవిడ పరిగెత్తుకొచ్చి, "అక్కా, మీ వీధి కమ్మరాయన రాత్రి గుండెనొప్పొచ్చి పోయాడంట" అంది. మా వీధిలో కమ్మరి ఒక్కడే అని తెలిసి కూడా "ఏ కమ్మరాయన?" అన్నాను. చేప మీద తడిగోనె కప్పేసి బయల్దేరాను. దారిలో ముందు నాకు గుర్తొచ్చింది ఆయన మొహం కాదండి, నా కత్తి. మీరేమన్నా అనుకోండి, ఉన్నమాట అది.

మాకూ ఆయనకీ చుట్టరికమేం లేదు. నేను సూర్యలంకలో వలలు లాగే ఇంట్లో పుట్టాను, ఆయన ఇనుము కొట్టే ఇంట్లో పుట్టాడు. ఒకే వీధి కాబట్టి వరస కలిపాం, ఆయన బాబాయి, ఆయన భార్య పిన్ని.

ఒక్కచోట కూర్చోవడం ఆ మనిషి జాతకంలో లేదు. టీ కూడా నడుస్తూ తాగేవాడు. ఇనుము కనపడితే గోటితో కొట్టి చెవి పెట్టాల్సిందే, అది రైలు కిటికీ ఊచైనా సరే, బస్సు కడ్డీ అయినా సరే. ఓ పెళ్ళిలో సాంబారు గరిటె లాక్కుని మోగించి చూశాడు, వడ్డించే అతను నోరు తెరిచి నిలబడ్డాడు. "ఈయన్ని బంతిలో కూర్చోబెట్టాలంటే గరిటెలు దాచెయ్యాలమ్మా" అనేది పిన్ని.

ఇక నా కత్తి సంగతి. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ కత్తిపీట ముందు కూర్చునే చేపలు కోశాను. మోకాళ్ళు అరిగిపోయాయి. తెనాలి డాక్టరు ఇక కింద కూర్చోవద్దన్నాడు. కూర్చోకపోతే కొయ్యలేను, కొయ్యకపోతే కొట్టు మూసుకోవాలి. బజారు కత్తి ఒకటి కొని బల్ల దగ్గర నిలబడి పండుగప్ప తల మీద వేశాను, అది కాస్తా వంకరపోయింది. ఆ వంకర కత్తి పట్టుకెళ్ళి బాబాయికి చూపించి ఏడుపుమొహం పెట్టాను. "ఏడవకే. మనమే చేద్దాం. ఇనుము మాత్రం నువ్వే ఎంచుకో, నీ చేతికి కావాల్సింది నీకే తెలియాలి" అన్నాడు.

పొద్దున రైలెక్కి తెనాలి వెళ్ళాం, పాత ఇనుము కొట్టుకి. నేను తళతళలాడే స్టీలు ముక్క ఎత్తాను. ఉప్పు చేపలతో పని కదా, తుప్పు పట్టదని నా లెక్క. బాబాయి దాన్ని సానరాయి చక్రానికి ఆనించాడు. ఏదో రెండు రవ్వలు వచ్చి ఆరిపోయాయి. "ఇందులో ఏం కలిపారో నాకు తెలీదు. తెలియని దానికి నా కొలిమి చాలదమ్మాయ్" అని పక్కన పడేశాడు. తర్వాత బురదకొట్టుకుపోయిన లారీ కమాను పట్టీ ఒకటి ఆనించాడు. రవ్వలు చీలి చీలి మతాబులా పూశాయి. లోపల పగుళ్ళున్నాయేమోనని నాలుగు చోట్ల సుత్తితో కొట్టాడు. ఖంగుమని మోగింది. "ఇన్నాళ్ళూ లారీని మోసింది. నీ నోటిని మొయ్యలేదా?" అన్నాడు. కొట్టువాడు కూడా నవ్వాడు. నేను ఇద్దర్నీ తిట్టాను.

మొదటి కత్తి నా మూలాన్నే పోయింది. ఎర్రగా కాల్చింది సముద్రపు నీళ్ళలో ముంచితే తిరుగుండదని మా నాయనమ్మ అనేది. పుట్టింటికి వెళ్ళినప్పుడు డబ్బా నిండా సముద్రం నింపుకుని, బాపట్లలో బస్సు కండక్టరుతో గొడవపడి మరీ తెచ్చాను. "ఈ ఇనుముకి నూనె చాలే, ఉప్పునీళ్ళు మరీ దుడుకు" అని గొణిగాడు బాబాయి. కానీ ఆడపిల్ల పుట్టింటి నుంచి తెచ్చింది కాదనలేకపోయాడు. ముంచాడు. బుస్సుమంది, ఆ బుస్సులోంచి టిక్కుమని చిన్న చప్పుడు. తీసి చూస్తే అంచు నుంచి నడుముదాకా చీలిక. "నీ సముద్రం నా కత్తిని మింగేసిందే!" అని అరిచాడు. అరుస్తూనే మిగిలిన పట్టీ తీసి కొలిమిలో పెట్టాడు.

ఆ రెండోదే ఇది. దొండపండు ఎరుపు వచ్చి అయస్కాంతానికి అంటుకోనంత కాలాక, గోరువెచ్చని నూనెలో ముంచాడు. ఆకురాయి పెడితే గీత పడకుండా జారింది. "చూశావా పొగరు! ఇప్పుడిది గాజుతో సమానం, కింద పడితే రెండు ముక్కలు. సన్నసెగ చూపి పొగరు దించాలి. అలాగే వదిలేస్తే దానంతటదే చిట్లినా చిట్లుతుంది" అన్నాడు. అంతలో వాన. రేకుల సందులోంచి కారి నిప్పులు చల్లారిపోయాయి. కత్తిని ఊకతట్టలో కప్పెట్టి, "పొద్దున్నే రా" అన్నాడు. పొద్దున్నే నేను వెళ్ళింది ఆయన్ని కడసారి చూసి రావడానికి.

చావు జరిగిన ఇంట్లో పెద్దకర్మ అయ్యేదాకా కొలిమి రాజెయ్యరు. రోజూ వెళ్ళి పిన్ని దగ్గర కూర్చునేదాన్ని. మనసు మాత్రం కొలిమి పాకలోనే. చిట్లిందేమో, చిట్లుతోందేమో. ఎవరో పళ్ళెం పడేస్తే ఉలిక్కిపడ్డాను. ఊరికే లేచి పాక గుమ్మం దాకా వెళ్ళడం, వెనక్కి రావడం. భర్త పోయిన మనిషిని కత్తి గురించి ఎలా అడుగుతాను? ఇంకో కమ్మరి చేతికి ఇద్దామంటే ప్రాణం ఒప్పదు. ఆయన చేసిన ఆఖరి పని విరిగిపోతే ఇంకేం మిగుల్తుంది చెప్పండి?

పిన్ని అప్పటిదాకా కంటతడి పెట్టలేదు. బండరాయిలా ఉందని చుట్టాలు గుసగుసలు. ఓ మధ్యాహ్నం నన్ను చూసి, "ఏంటే ఆ తిరుగుడు, అచ్చం ఆయనలాగా?" అంది. నా కళ్ళు పాక వైపు పోయాయి. "కత్తేగా? ఆ రాత్రి ఆయనా నిద్రపోలేదు. దానికి సెగ చూపకుండా వచ్చేశానని ఒకటే గొడవ" అంది.

"కొలిమి ముట్టించకూడదుగా పిన్నీ?"

"నీళ్ళపొయ్యి ముట్టించొచ్చుగా."

నిజమే. చావింట్లో వంటపొయ్యి ఆరిపోయినా, వచ్చీపోయే వాళ్ళ స్నానాలకి పెరట్లో పొయ్యి మండుతూనే ఉంటుంది. పిన్ని కాగు దింపించి, వేరుశనక్కాయలు వేయించే మూకుడు పెట్టి ఇసుక పోసింది. ఊకలోంచి కత్తి తీసి, రెండు వైపులా తిప్పి చూశాను. ఎక్కడా చీలిక లేదు. సెగకి ఇనుము మీద తేలే రంగు కనపడాలని గరుకు కాగితంతో తెల్లగా రుద్ది, వేడి ఇసుక మీద పరిచాను. "దుగ్గిరాల పసుపు రంగు రాగానే తీసెయ్, వంకాయ రంగు దాకా పోనిచ్చావో మెత్తబడిపోతుంది" అని బాబాయి చెప్పింది గుర్తుంది. కానీ చెప్పడమే, చూపించలేదు.

ఎంతసేపటికీ ఏ రంగూ లేదు. మంట పెంచబోతే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "తొందరపడకు. తొందరంతా ఆయన పడ్డాడుగా." తర్వాత కత్తి వెన్ను పక్కన లేత పసుపు మొదలైంది. పాకుతూ పాకుతూ అంచు దాకా వచ్చింది. "తియ్యవే, అదే, ఆయన రంగు అదే!" అని పిన్ని కేకేసింది. తీశాను. తియ్యగానే పిన్ని గుక్కపట్టి ఏడ్చింది. చుట్టాలంతా పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. ఆవిడ ఏడుపు ఆగేదాకా నేను ఆ వేడి కత్తి పట్టుకారుతో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఇప్పుడు నిలబడే కోస్తున్నాను. పండుగప్ప తల ఒక్క దెబ్బకి తెగుతుంది. సాన పెట్టినచోట అంచు తెల్లబడింది గానీ, పిడి దగ్గర ఆ పసుపు ఇంకా ఉంది. చేపలు కొనేవాళ్ళు చూసి తుప్పనుకుంటారు. "కాస్త పీచుతో తోముకోమ్మా" అంటారు. సరేనండి అంటాను. తోమను.