ఏడేళ్ల గుర్రపు స్వారీ

గుర్రాలంటే నాకు ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. నెబ్రాస్కా ఇసుక దిబ్బల మధ్య ఒక రాంచ్‌లో సెలవులు గడిపానంటే వినేవాళ్లు "అబ్బ, ఎంత అదృష్టం!" అంటారు. అదృష్టమూ కాదు, నా వల్లకాడూ కాదు. 2010 జూన్‌లో మా ఆయన బుక్ చేశాడు, నేను కారెక్కాను, అంతే. ఆయన్ని ఎదురుగా 'మీరు' అనే అంటాను. రాసేటప్పుడు ఆ మర్యాద నా చేత కావడం లేదు.

నేను ఒప్పుకోవడానికి ఒకే కారణం. అప్పటికి ఏడాదిన్నరగా బెంటన్‌విల్‌లో ఒక ఆఫీసులో కాంట్రాక్ట్ మీద పనిచేస్తున్నాను. హైదరాబాద్‌లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసింది మూడేళ్లు. రెజ్యూమెలో ఉన్నది ఏడు. మిగతా నాలుగేళ్లనూ మా ఆయన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఒక్క సాయంత్రంలో పుట్టించాడు. "అందరూ చేసేదే, నువ్వేం కంగారుపడకు" అన్నాడు. ఆఫీసులో ఎవరైనా నా సీటు దగ్గరికొచ్చి "నీకిది తెలిసే ఉంటుంది" అంటే తల ఊపేదాన్ని. తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఫోన్‌లో వెతుక్కునేదాన్ని. పైన పటారం, లోన లొటారం. ఆ వారం రోజులైనా ఏమీ తెలియని మనిషిగా ఉండొచ్చని ఆశపడ్డాను. గుర్రాల గురించి నాకు తెలిసి ఉంటుందని ఎవరూ అనుకోరు కదా! 'తెలియదు' అని నోరారా అనాలని ఉండేది. ఆ సెలవుల నుంచి నేను కోరుకున్నది అదొక్కటే.

పదకొండు గంటలు డ్రైవ్ చేసి వెళ్లాం. చివరి నలభై మైళ్లలో ఒక్క గ్యాస్ స్టేషన్ లేదు. రాంచ్‌ను డెబ్భై ఏళ్లకు దగ్గరపడిన ఒక పెద్దావిడ, ఆవిడ కొడుకు నడుపుతున్నారు. మాలాంటివాళ్లు డబ్బు కట్టి వాళ్ల గుర్రాలెక్కి, వాళ్ల పశువుల పని చేయాలన్నమాట. వెబ్‌సైట్ ఫోటోల్లో ఆవిడ నవ్వుతూ ఉంది. మమ్మల్ని చూసి మాత్రం నవ్వలేదు. చక్రాల సూట్‌కేసును ఇసుకలో ఈడుస్తూ నేను అవస్థపడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

మర్నాడు పొద్దున కొట్టం దగ్గర ఆవిడ ఒక కాగితం పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"ఏడేళ్లు స్వారీ చేశావా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన మబ్బులు చూస్తున్నాడు. చూస్తూనే గొంతు తగ్గించి తెలుగులో అన్నాడు: "ఇద్దర్లో ఒకళ్లకైనా ఎక్స్‌పీరియెన్స్ ఉంటేనే మంద తోలడానికి పంపిస్తారంట. లేకపోతే చిన్నపిల్లల్లా గుండ్రంగా తిప్పుతారు. నాకు బ్యాక్ పెయిన్ కదా, అందుకే నీ పేరు మీద వేశాను. ఊఁ అను, ఏం కాదు."

అంకె కూడా మార్చలేదు మహానుభావుడు.

నేను ఊఁ అన్నాను. సిగ్గు లేకుండా తల కూడా ఊపాను. ఆయన్ని తిట్టే ముందు ఈ మాట రాయాలి. నా మెడ పట్టుకుని ఎవరూ ఊపలేదు.

ఏడేళ్ల అనుభవానికి తగ్గట్టు నాకొక పొడుగాటి ఎర్ర గుర్రాన్ని ఇచ్చారు. మా ఆయనకు పిడుగు పడ్డా అడుగు కదపని ముసలి గుర్రం దొరికింది. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కాలని నాకు తెలియదు, కుడివైపుకి వెళ్లాను. అది చిరాగ్గా పక్కకు జరిగింది.

"మీ దేశంలో అటునుంచి ఎక్కుతారా?" అంది పెద్దావిడ.

"యెస్, యెస్" అన్నాడు మా ఆయన.

ఆ రోజు పని, ఆవులనూ దూడలనూ ఒక మేత భూమి నుంచి పక్కదానికి మార్చడం. కంచెలో గేటు తీసి ఉంటుంది. దాటిన పశువులు మళ్లీ వెనక్కి రాకుండా నేను గేటు పక్కన గుర్రం మీద కాపలా ఉండాలి. గంటసేపు బాగానే గడిచింది. అంటే, గుర్రం బాగానే గడిపింది. అప్పుడు ఒక దూడ తల్లిని వదిలేసి గేటు వైపు పరుగెత్తుకొచ్చింది. అలాంటివాటిని ఆపడానికే తర్ఫీదైన గుర్రం, నన్ను అడక్కుండా గిర్రున తిరిగింది. నేను తిరగలేదు. కుడి భుజం మీద పడ్డాను. తల ఎత్తేసరికి ఆ దూడ వెనకే మిగతా దూడలన్నీ గేటు దాటి వెనక్కి పోతున్నాయి. కంచెకు ఇటు దూడలు, అటు తల్లులు. వాటి అరుపులతో చెవులు పగిలిపోయాయి.

పెద్దావిడ గుర్రం దిగి వచ్చింది. భుజం నొక్కి చూసింది, వేళ్లు కదపమంది. ఏమీ విరగలేదని రూఢి చేసుకున్నాక అరవడం మొదలుపెట్టింది.

"ఆ కాగితం ఎవరు నింపారు? ఇంకాస్తయితే మెడ విరిగేది! నా గుర్రానికి కాలు విరిగేది! ఎవరు నింపారు?"

అప్పుడే మా ఆయన వచ్చాడు. గుర్రం దిగలేదు. "తనే నింపింది. వద్దని నేను చెప్పాను" అన్నాడు ఇంగ్లీషులో, తడుముకోకుండా. ఆ వెంటనే తెలుగులో నాతో, "నువ్వే రాశావని చెప్పెయ్. ఆవిడెవరో, మనమెవరో. రూమ్‌కెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు.

నోట్లో ఇసుక ఉంటే ఉమ్మేశాను.

"నేను రాయలేదు, ఈయన రాశాడు. నేను తల ఊపాను. నాకు రాదు. ఇంతకుముందు గుర్రాన్ని ముట్టుకోనైనా లేదు" అన్నాను ఆవిడతో.

ఆవిడేమీ మెచ్చుకోలేదు. "అయితే లేచి నడువు" అంది. మా ఆయన్ని కూడా దిగమంది. నడుం నొప్పి అన్నాడు. దిగమని మళ్లీ చెప్పింది. మూడు గంటలు ఆ ఎండలో దూడల వెనక నడిచాం. అక్కడ నిలబడకు, చేతులు ఊపకు, వెనక్కి జరుగు, ఇంకా వెనక్కి అని ఆవిడ అరుస్తూనే ఉంది. ఆవిడంటే నాకు అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. కానీ నాకేమీ రాదని తెలిసి మరీ తిడుతోంది. తిట్టిన ప్రతిసారీ ఏం చేయాలో చెప్తోంది. ఏడాదిన్నరగా గుండెల మీద ఉన్న బరువు ఆ మూడు గంటలు లేదు. చివరి దూడ తల్లి పొదుగు అందుకున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రం రూమ్‌లో మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. బయట పిల్లి, ఇంట్లో పులి.

"పరాయివాళ్ల ముందు మొగుడి పరువు తీస్తావా? అంత పెద్ద నేరం ఏం చేశాను? నీ కోసమే కదా ఇంత దూరం తీసుకొచ్చింది!"

నేను చొక్కా విప్పుకోవడానికి తంటాలు పడుతున్నాను. కుడి చెయ్యి భుజం దాకా లేవడం లేదు.

"సోమవారం ఆఫీసులో కూడా చెప్తాను" అన్నాను. "నాకున్నది మూడేళ్లేనని."

నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు.

"పిచ్చా నీకు? కాంట్రాక్ట్ పోద్ది. వీసా ఏమవుద్దో తెలుసా?"

"తెలియదు" అన్నాను.

కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత వచ్చి మంచం మీద నా పక్కన కూర్చున్నాడు. గొంతు మెత్తబడింది. నా భుజం మీద చెయ్యి వేసి, "దెబ్బ బాగా తగిలిందా?" అన్నాడు.

నేను పడింది పొద్దున పదింటికి. అప్పుడు సాయంత్రం ఆరయింది. పెద్దావిడ అడిగింది, ఆవిడ కొడుకు ఐసు తెచ్చిచ్చి అడిగాడు. ఆ ఒక్క మాట కోసం నేను రోజంతా ఎదురుచూసిన మనిషి మాత్రం, నా జీతం పోతుందని భయం పుట్టాక అడిగాడు.

"చెయ్యి తియ్యండి" అన్నాను.