నేను నడపని నల్ల కారు

చదివేవాళ్ళకి ముందుగా ఒక మాట. నేను చదివింది నాలుగో తరగతి దాకా. అదీ పూర్తిగా కాదు. ఆ తర్వాత అక్షరాలు మర్చిపోలేదంటే బస్సుల మీద ఊళ్ళ పేర్లు చదువుతూ ఉండబట్టే. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడ తప్పుతాయో నాకే తెలియదు. ఇంట్లో పిల్లలతో దిద్దించవచ్చు. కానీ ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. నేనే తెలియనివ్వలేదు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సుల్ని బొగ్గు గ్యాసు మీద నడిపేవాళ్ళం. దారి మధ్యలో బస్సు ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. శ్మశానం పక్కనే కూర్చుని బొగ్గు పొయ్యి రాజేసుకున్న రోజులున్నాయి. నాకేమీ కనపడలేదు. ఆ పొయ్యి మూత తగిలి ఎడమ మణికట్టు మీద మచ్చ పడింది, నాకు జరిగిన నష్టం అంతే. ఎవరైనా దెయ్యం చూశామంటే నవ్వేవాణ్ణి.

ఇప్పుడు నేను రాసేది కూడా దెయ్యం కథో కాదో నాకు తెలియదు. సిగ్గుపడాల్సిన కథ అని మాత్రం తెలుసు.

స్వరాజ్యం వచ్చిన ఏడు చలికాలంలో నేను నూజివీడులో ఒక డాక్టరు గారి దగ్గర పనికి కుదిరాను. ఆయన ఒకరోజు చాట్రాయి వైపు, ఒకరోజు జి. కొండూరు వైపు, ఇలా వారమంతా ఊళ్ళు తిరిగి రోగుల్ని చూసేవారు. అప్పటిదాకా జట్కాలో తిరిగి ఆయన నడుం పడిపోయింది. రోజూ తిరగడానికి ఒక పాత కారు కొనాలనుకున్నారు. అప్పుడే ఊళ్ళో ఒక పెద్ద కుటుంబం మద్రాసు వెళ్ళిపోతూ రెండు కార్లు అమ్మకానికి పెట్టింది.

"నాకు జ్వరాలు తెలుసుగానీ కార్లు తెలియవు అప్పారావ్. నువ్వు ఏది మంచిదంటే అదే కొంటాను" అన్నారు డాక్టరు గారు.

ఆ రెండు కార్లూ వాళ్ళ బంగళా వెనక షెడ్డులో ఉన్నాయి. ఒకటి నల్లది, నాలుగు తలుపులది. ఎత్తుగా ఉంటుంది, వెనక సీటు మంచమంత. చూడ్డానికి ముసలి గేదెలా ఉంటుంది. రెండోది ఎర్రది. సీట్లు రెండే. పొట్టిగా, నేలకి అంటుకున్నట్టు ఉంటుంది. పైన గుడ్డ టాపు, సైకిలు చక్రాలకున్నట్టు సన్నటి ఊచల చక్రాలు. ఆ ఇంటి అబ్బాయి పందేల సరదాతో తెప్పించుకున్నదట.

రెండూ నడిపి చూశాను. నల్లదాని ఇంజను గడియారంలా ఆడింది. అంత మంచి ఇంజను నేను అప్పటిదాకా వినలేదు. ఎర్రదాని ఇంజను మామూలుగానే ఉంది. కానీ కాలు నొక్కితే గర్జించేది. బజారులో ఒక చుట్టు తిప్పేసరికి కొట్లలోంచి జనం బయటికొచ్చి చూశారు. కారుని చూశారు, నన్నూ చూశారు. ఇరవై ఆరేళ్ళకి మొదటిసారి నన్ను అలా చూశారు.

తిరిగొచ్చి డాక్టరు గారితో చెప్పాను, "నల్లదాని ఇంజను బ్లాకులో పగులుందండి. వానాకాలం దాకా కూడా రాదు. ఎర్రది తీసుకోండి."

పగులు లేదు. నేను అబద్ధం చెప్పాను.

డాక్టరు గారు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఎప్పుడైనా రోగిని పడుకోబెట్టి తీసుకెళ్ళాల్సి వస్తే ఎలా?"

"సీటు వెనక్కి వాల్చేస్తానండి. హాయిగా పడుకోవచ్చు" అన్నాను. ఆ సీటు వాలదని నాకు తెలుసు.

షెడ్డు కాపలాదారు వీరాస్వామి పక్కనే ఉండి అంతా విన్నాడు. డాక్టరు గారు లోపలికి వెళ్ళాక నవ్వి, "ఏరా, పూత చూసి తోట కొనిపిస్తున్నావా?" అన్నాడు.

మా వైపు ఆ మాటంటే తిట్టినట్టే. చలికాలంలో మామిడి చెట్టు నిండా పూత ఉంటుంది. తెలియనివాడు అది చూసి మురిసిపోయి తోట గుత్తకు తీసుకుంటాడు. నాలుగు రోజులు మంచు కురిస్తే పూతంతా నల్లబడి రాలిపోతుంది. తెలిసినవాడు పిందె నిలిచాకే బేరానికి దిగుతాడు. మా నాన్న తోటల్లోనే పనిచేశాడు. ఈ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే చేశాను.

నాలుగైదు నెలలు రాజాలా తిరిగాను. తోటల్లోకి వెళ్ళే బాటల్లో బండి కడుపు నేలకి రాసుకునేది. డాక్టరు గారు మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, ఒంటినిండా ఎర్ర దుమ్ముతో కూర్చునేవారు. ఒకసారి చాట్రాయిలో ఒక ముసలమ్మ ఆయన్ని చూసి, "అదేంటి డాక్టరు గారూ, బండి కొనమంటే నీళ్ళ గాబు కొన్నారేంటండీ? మీ తలకాయ తప్ప ఏమీ కనపడట్లేదు!" అంది.

"తలకాయ ఉంటే చాలమ్మా, మందు రాసివ్వొచ్చు. మా అప్పారావు ఎంచిన బండి ఇది" అని ఆయన నవ్వారు. నా మీద విసుక్కోలేదు. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

వేసవి వచ్చింది, రసాల కోతలు మొదలయ్యాయి. ఒకరోజు పొద్దున పదకొండింటికి చాట్రాయి రోడ్డులో వెళ్తుంటే కూలీలు అడ్డం వచ్చి కారు ఆపారు. రోడ్డు పక్క తోటలో కోటయ్య అని కోత కోసేవాడు చెట్టు మీంచి పడ్డాడు. వల కట్టిన చిక్కం కర్ర అందని చిటారు కాయ కోసం ఎక్కితే కొమ్మ విరిగింది.

వెళ్ళి చూశాం. తొడ ఎముక విరిగింది. నడుం కూడా దెబ్బతిందేమోనని డాక్టరు గారు అనుమానపడ్డారు. కర్రబద్దలు పెట్టి కట్టారు. "ఇతన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కదలకుండా బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఈ రోజే వెళ్ళాలి. ఆలస్యమైతే మనిషి దక్కడు" అన్నారు.

కోటయ్య భార్య సీతమ్మ మా కారు వైపు చూసింది. అందరూ కారు వైపే చూశారు.

నులక మంచం మీద మోసుకొచ్చి కారు దగ్గర దించాం. నేను సీటు పట్టుకుని గుంజాను, బోల్టులు విప్పబోయాను, కాలితో తన్నాను. వాలనిది ఎందుకు వాలుతుంది? అడ్డంగా పడుకోబెట్టబోతే కోటయ్య పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. మంచాన్ని కారు మీద కడదామన్నాడు ఒకడు. బరువుకి టాపు ఊచలు వంగిపోయాయి. దించేశారు.

డాక్టరు గారు నన్ను చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

సీతమ్మ చేతికి ఆసుపత్రి చీటీ రాసిచ్చారు. మంచాన్ని రోడ్డు పక్క నీడలో ఉంచమన్నారు. నూజివీడు వెళ్ళి లారీ తెస్తామని చెప్పి బయల్దేరాం. ఆయన కోసం ఊళ్ళో ఒక పురుటి కేసు కాచుకుని ఉంది, అక్కడ దిగిపోయారు. నేనొక్కణ్ణే లారీల కోసం తిరిగాను. కోతల కాలం, ఏ లారీ చూసినా కాయ ఎక్కించి ఉంది. బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను. చివరికి ఒక డ్రైవరు సరే అన్నాడు. వెనకాల గడ్డి పరిపించి, ముందు నేను కారులో, వెనక లారీ, తిరిగి వచ్చేసరికి మూడు దాటింది.

చెట్టు కింద మంచం మీద కోటయ్య లేడు. అతని మామ, సీతమ్మ తండ్రి, ఒక్కడే దాని మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ప్రాణం పోయిందనే అనుకున్నాను.

ఆ ముసలాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "అప్పుడే దింపేసి వచ్చేశావా అయ్యా? ఎట్టా ఉన్నాడు మావాడు?" అన్నాడు.

"ఎవరు దింపారు?"

"అదేంటి, నువ్వేగా! నల్ల కారు తెచ్చి, వెనక సీట్లో పడుకోబెట్టుకుని పోయావుగా. మా సీతమ్మ కూడా ఎక్కిందిగా. ఇందాకేగా, మీరెళ్ళిన గంటకి!"

ఎండకి ముసలాయన చూపు తడబడిందనుకున్నాను. ఎవరో పుణ్యాత్ముడు కారు ఆపి ఎక్కించుకున్నాడు, నేనేనని ఈయన పొరబడ్డాడు. అంతకంటే ఇంకేముంటుంది? లారీ డ్రైవరు నన్ను నానా మాటలూ తిట్టి వెళ్ళిపోయాడు.

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే అడిగారు, "ఏమైందిరా?"

"పంపించేశానండి" అన్నాను.

ఎవరో తీసుకెళ్ళారని చెప్పి ఉండవచ్చు. కానీ నోటికి ఆ అబద్ధమే వచ్చింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "బతికించావురా" అన్నారు. ఆ చెయ్యి తీసేదాకా నేను తల ఎత్తలేదు.

పొద్దు గుంకకముందే షెడ్డుకి వెళ్ళాను. నల్ల కారు అక్కడే ఉంది. కొనేవాళ్ళు రాక, టైర్లకి కరువుగా ఉన్న రోజులు కాబట్టి నాలుగు టైర్లూ చక్రాలతో సహా విడిగా అమ్మేశారు. చక్రాలు లేవు, ఇటుకల మీద నిలబెట్టి ఉంది. బానెట్ మీద దుమ్ములో వేలితో గీత గీస్తే గీత పడింది. వెనక సీట్లో వీరాస్వామి కోడి గుడ్లు పొదుగుతోంది. నన్ను చూసి ముక్కుతో పొడవబోయింది.

"ఇవాళ ఈ బండి బయటికి తీశారా?" అని అడిగాను.

"కాళ్ళు లేనిదాన్ని ఎత్తుకుని తిప్పాలా ఏంటి? నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా?" అన్నాడు వీరాస్వామి.

అప్పుడు కూడా నేను భయపడలేదు. అది వేరే ఏదో నల్ల కారు అనుకున్నాను.

రెండు నెలలు గడిచాయి. కోటయ్య బతికాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడని విన్నాను. ఒకరోజు మధ్యాహ్నం సీతమ్మ గంపలో చివరి కోత రసాలు పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. గంప దించి నా కాళ్ళకి దండం పెట్టబోయింది. నేను వెనక్కి జరిగాను.

అప్పుడు ఆమె చెప్పింది విన్నాకే నాకు భయం పుట్టింది. నేను అడక్కుండానే చెప్పింది. కారు తలుపు నేనే తీశానంది. నా ఖాకీ చొక్కా గురించీ, దాని చిరిగిన జేబు గురించీ చెప్పింది. గేరు మారుస్తున్నప్పుడు ఎడమ మణికట్టు మీద కాలిన మచ్చ కనపడిందంది. గోతులొచ్చిన చోటల్లా బండి ఆపి, దిగి చూసి, మెల్లగా పోనిచ్చానంది.

"దారి పొడుగునా నువ్వు పలకలేదన్నా. మైలవరం దాటాక ఒక్క మాట అన్నావు. 'మొదటే ఈ బండి తేవాల్సింది, తేలేదు' అన్నావు. నాకు అర్థం కాలేదు. ఆసుపత్రిలో దింపాక స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చావు. నీళ్ళిద్దామని తెచ్చేసరికి బండి లేదు. ఎందుకేడ్చావన్నా? సొంత అన్న కూడా అట్టా ఏడవడు."

నేను చెప్పిన అబద్ధం ఆమెకి తెలియదు. వీరాస్వామికి తప్ప ఎవరికీ తెలియదు. వీరాస్వామి ఆ తోట వైపు పోయే మనిషి కాదు, సీతమ్మని ఎరగడు.

అప్పుడే చెప్పాల్సింది. వచ్చింది నేను కాదమ్మా అని చెప్పాల్సింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి నన్ను గర్వంగా చూస్తోంది. నేను గంప తీసుకున్నాను. ఆ పళ్ళు ఇంట్లో అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

మరుసటి ఏడు వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది. చెవులు కుట్టేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. సీతమ్మకి తోబుట్టువులు లేరు. నన్ను పిలిచింది. వెళ్ళకూడదనుకున్నాను. అయినా ఒక్కణ్ణే వెళ్ళాను.

పిల్లని ఒళ్ళో పెట్టారు. కంసాలి బంగారు తీగ సరిచేసుకుంటున్నాడు. పిల్ల నా వేలు పట్టుకుని ఆడుకుంటోంది. ఇంక ఆగలేక సీతమ్మతో అందరి ముందూ చెప్పేశాను. "అమ్మా, ఆ రోజు మిమ్మల్ని తీసుకెళ్ళింది నేను కాదు. నేను లారీ కోసం తిరుగుతున్నాను. నల్ల కారు బాగాలేదని డాక్టరు గారికి అబద్ధం చెప్పింది కూడా నేనే."

కోటయ్య నవ్వాడు. "చూశారా ఈయన వరస! చేసినోళ్ళెప్పుడూ ఇట్టాగే అంటారు. పేరొద్దంటారు" అన్నాడు. పక్కనున్న పెద్దవాళ్ళు తలలూపారు.

సీతమ్మ నవ్వలేదు. నా చేతిని పట్టుకుని మణికట్టు మీద మచ్చ చూసింది. "ఇదే చెయ్యన్నా. నేను మర్చిపోతానా?" అంది.

పిల్ల చెవి కుట్టారు. గుక్కపట్టి ఏడ్చింది. నేను ఎత్తుకుని ఊరుకోబెట్టాను. నా భుజం మీదే నిద్రపోయింది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో నేను మేనమామని. నాలుగైదుసార్లు మళ్ళీ చెప్పి చూశాను. చెప్పినకొద్దీ వాళ్ళకి నా మీద గౌరవం పెరిగింది. ఇక మానేశాను.

చనిపోయినవాళ్ళు కనపడితే దెయ్యం అంటారు. నేను బతికే ఉన్నాను. ఆ గంటలో నేను లారీ డ్రైవరు కాళ్ళు పట్టుకుని ఉన్నాను, అది నిజం. చక్రాలు లేని కారుని నా చేతులతో నడిపినవాడెవడో నాకు తెలియదు. నేను చెయ్యాల్సిన పని చేసి, నేను ఏడవాల్సిన ఏడుపు ఏడ్చి వెళ్ళిపోయాడు. నాకంటే మంచివాడు. ఎంత ఆలోచించినా అంతకుమించి ఏమీ తేలలేదు.

ఇంత పొడుగు నేనెప్పుడూ రాయలేదు. అక్షరాలు ఎక్కడైనా వంకర పోయి ఉంటే, మాటలు తప్పు రాసి ఉంటే, చదివే పెద్దలు మన్నించండి. రాతలో తప్పులకి మాత్రమే అడుగుతున్నాను. మిగతాదానికి మిమ్మల్ని అడిగే హక్కు నాకు లేదు.