మల్లయ్య నన్ను అడిగే లారీ ఎక్కాడు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోరు విప్పబోయిన ప్రతిసారీ వేరే మాటలోకి జారుకున్నాను. ఇన్నేళ్లూ ఇద్దరు మనుషుల్ని లోపల మోస్తూ, పైకి పెద్దమనిషిగా తిరిగాను.

అరవైల మొదట్లో కల్వకుర్తిలో నాకు చిన్న దవాఖాన ఉండేది. ఇల్లు ఒక పల్లీల సేటుది. కిరాయి తీసుకునేవాడు కాదు. అతని లారీ నడిపే నర్సింహ సాలెవాళ్ల బిడ్డ. మగ్గం కడుపు నింపక స్టీరింగు పట్టాడు. నెమ్మదస్తుడు, కల్లు కూడా ముట్టనివాడు.

ఒక రోజు పొద్దున తలనొప్పి అంటూ వచ్చి నా బల్ల ముందే విరుచుకు పడిపోయాడు. నోట నురగ. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. మూర్ఛ. దగ్గు మందుకని వచ్చిన మల్లయ్య, గొర్లు కాసుకునేవాడు, గబగబా వచ్చి నర్సింహ నడుముకున్న లారీ తాళాలు తీసి అతని అరచేతిలో పెట్టి పిడికిలి బిగించి పట్టుకున్నాడు. ఇనుము పట్టిస్తే మూర్ఛ దిగుతుందని మా వైపు నమ్మకం. నేను లోపల నవ్వుకున్నాను. చదువుకున్నవాణ్ణి కదా.

కాసేపటికి దానంతటదే తగ్గింది. మల్లయ్య గొర్రెల్ని చూసుకోవడానికి బయటికి వెళ్లాడు. నర్సింహ లేచి, చేతిలో తాళాలు చూసుకుని అంతా గ్రహించాడు. నా చేతులు పట్టుకున్నాడు.

"ఇది మొదటిపారి కాదు సార్. సేటుకు ఎరుకైతే నన్ను తీసేస్తడు. పిల్లలు ఉపాసముంటరు. జర మీ కడుపుల దాస్కోండ్రి."

మాత్రలు ఇచ్చాను. అవి మత్తు తెస్తాయని నాకు తెలుసు. పైలంగా ఉండమన్నాను. బండి నడపవద్దని మాత్రం అనలేదు. ఎందుకు అనలేదు? జాలి అని చెప్పుకున్నాను. రోగి గుట్టు బయటపెట్టరాదని చదివిన పాఠాన్ని కూడా అడ్డం పెట్టుకున్నాను. ఇవన్నీ తరవాత వెతుక్కున్న మంచి మాటలు. ఆ క్షణాన నా తలలో ఉన్నది, తన బండి ఆగితే సేటు నన్ను ఇల్లు ఖాళీ చేయమంటాడేమోనన్న భయం, ఒక డ్రైవరు పని పోగొడితే మిగతా డ్రైవర్లెవరూ నా మెట్లెక్కరన్న లెక్క.

బయట మల్లయ్య నా కోసం ఆగి ఉన్నాడు.

"సార్, గీయనకు నిమ్మళమైనట్టేనా? గొర్లను ఏసుకొని గీ బండిమీదనే పాలమూరు అంగడికి పోవాలె. ఎక్కొచ్చునా?"

"ఎండకు తల తిరిగింది. ఏం ఫికర్ లేదు, ఎక్కు," అన్నాను.

దండం పెట్టి వెళ్లాడు. కళ్లారా చూసినవాడికి అనుమానం వచ్చింది. దాన్ని తీసేసింది నేను.

ఆ రోజే, మలుపు కూడా లేని చోట లారీ రోడ్డు దిగి వాగులో పడింది. ఇద్దరూ పోయారు. తాగి నడిపాడన్నారు జనం. అతనికేమైనా రోగముందా అని పోలీసులు అడిగితే, నాకు తెలిసి లేదన్నాను. నర్సింహ భార్య వచ్చి నా గడపలో కూలబడింది. ఆయన తాగడని ఒక్క మాట చెప్పమంది. నాకేం తెలుసమ్మా అన్నాను. ఆ పిల్లలు తాగుబోతు పిల్లలుగా పెరిగారు. వాళ్లలో ఒకడు జ్వరంతో నా దగ్గరికే వచ్చేవాడు. వాడి నాడి చూస్తూ కూడా నేను నోరు విప్పలేదు. ఇంతకంటే నీచం ఏముంటుంది?

ఆ ఇనుమును, ఆ లారీ తాళాలను, నర్సింహ చేతిలో పెట్టింది మల్లయ్య. తీయవలసింది నేను. చెయ్యి చాపితే అందేది.

క్షమించమని అడగను. క్షమించగలవాళ్లు వాగులోనే పోయారు. ఇంత రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగానే ఉంది. అయినా ఇన్నేళ్లూ మింగిన మాట ఇప్పుడు రాస్తాను. ఆ రోజు నర్సింహ తాగలేదు.