ఒక్క రింగు, ఎత్తొద్దు

నిన్న పొద్దున నా ఫోను నుంచి మీ ఇద్దరికీ ఒక్కొక్క రింగు వచ్చి ఆగిపోయింది కదా బిడ్డా, పుణెలో ఉన్న నువ్వు మీటింగు మధ్యలోంచి లేచి బయటికి వచ్చి మరీ చేశావు, బెంగళూరులో ఉన్న తమ్ముడేమో ఏడుసార్లు చేశాడు, ఇద్దరూ అడిగింది ఒక్కటే, ఏమైంది అమ్మమ్మా, కొత్త కంపెనీ ఫోను కూడా సరిగా పని చేయడం లేదా అని. పని చేస్తున్నది. ఏమీ కాలేదు. ఏమీ కాలేదని చెప్పడానికే ఆ రింగు ఇచ్చాను. ఈ సంగతి ఫోనులో చెప్పబోతే మీకు టైం లేదు, నాకు మాట సగంలోనే తడబడింది, అందుకని తీరిగ్గా రాస్తున్నాను. తీరిగ్గా అన్నాను కానీ ఈ నాలుగైదు నెలలుగా నా కాలు ఒక చోట నిలవడం లేదు, ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి ఫోనులో సిగ్నలు గీతలు ఉన్నాయో లేవో చూసి వచ్చాను.

మీ తాత బొగ్గుబాయిలో పని చేసిన సంగతి మీకు తెలుసు. పుస్తకాల్లో గని అని రాస్తారు, మా నస్పూరు కాలనీలో ఆ మాట ఎవరూ అనరు, బాయి అంటారు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళంతా మధ్యాహ్నం మూడు గంటలకు ఏదో ఒక పని పెట్టుకుని గడపల్లోకి వచ్చేవాళ్ళు, ఒకామె బియ్యం చెరిగేది, ఒకామె ఆరిన బట్టలనే మళ్ళీ ఆరేసేది, ఎందుకని నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు, పది రోజులకే నాకూ తెలిసిపోయి నేను కూడా చాట పట్టుకుని వచ్చి కూర్చున్నాను. తెల్లవారి దిగిన షిఫ్టు మూడింటికి మీదికి రావాలి. మూడున్నర అయినా సైకిలు మలుపు తిరగకపోతే చాటలోని బియ్యం కళ్ళకు కనిపించేవి కావు.

మీరు బడికి పోయే రోజుల్లో మా కాలనీకి సెల్‌ఫోన్లు వచ్చాయి. మీ తాత రెండు కార్డులు కొన్నాడు, తనకొకటి, నాకొకటి, రెండూ తన పేరు మీదే. నాది లైఫ్ టైం కార్డు అన్నారు, ఇక జన్మలో దాని వంక చూడనక్కర్లేదట. ఆ మాటకు మీ తాత ఎంత సంబరపడ్డాడంటే ఫోను నా చేతిలో పెట్టి, "ఇగ నీకు ఫికర్ లేదు, ఇది నీ జిందగీకి సరిపోతది" అన్నాడు. ఫోను బాయిలోకి తీసుకుపోనియ్యరు కాబట్టి పొద్దున దిగేటప్పుడు తనది మీద సైకిల్ స్టాండులో అప్పగించేవాడు, మధ్యాహ్నం పైకి వచ్చి, తలకు కట్టుకున్న దీపం తిరిగి ఇచ్చేసి, మొహమైనా కడుక్కోకుండా నాకు ఒక్క రింగు ఇచ్చేవాడు. మొదటి రోజే నాకు నేర్పాడు.

"ఒక్క రింగే ఇస్తా. ఎత్తకు. మోగి ఆగిందంటే నేను మీదికొచ్చినట్టు."

మాట్లాడితే పైసలు పోతాయనే భయం అప్పట్లో అందరికీ ఉండేది, కానీ దానికోసమే కాదని తర్వాత తెలిసింది. ఒకసారి ఆత్రంగా ఎత్తేశాను. అటు నుంచి మీ తాత గొంతు, అదీ కాస్త చిరాకుగా, మీదికొచ్చిన అని చెప్పినంక ఇగ మాట్లాడేదేముంటదే అన్నాడు. నిజమే. ఆ తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. మూడయ్యేసరికి మా లైను పొడుగునా ఈ ఇంట్లో ఒకటి, ఆ ఇంట్లో ఒకటి, ఫోన్లు ఒక్కొక్కసారి మోగి ఆగేవి, ఆగిన ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టేవాళ్ళు. రింగు ఇంకా రాని ఇంటామె వంక మిగతా వాళ్ళం చూసేవాళ్ళం కాదు.

రిటైరైన మూడో ఏడు మీ తాత ఆయాసంతో మంచం పట్టి పోయాడు. అప్పుడు మా అక్క, మీ పెద్దమ్మమ్మ, ఆదిలాబాద్ పక్క ఊరి నుంచి వచ్చి పది రోజులు నాతో ఉన్నది. అటువైపు మరాఠీ వాళ్ళతో కలిసి బతికి బతికి ఆమె ఏ ఆడమనిషినైనా బాయి అంటుంది, మాకేమో బాయి అంటే బొగ్గు తీసేది, దీనిమీద ఆమెకూ మీ తాతకూ ఎప్పుడూ వేళాకోళమే. మీ బాయి ఎట్లున్నదని ఆమె నా గురించి అడిగితే, ఇయ్యాల నీళ్ళు ఊరినయి వదినె, పంపు పెట్టిండ్రు అనేవాడు. ఆ అక్క, పోయే రోజున బస్సు ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుని, "ఇగ నీకు రింగిచ్చేటోడు లేడు గదా. పొద్దుగాల చాయ తాగినంక నేనిస్తా. నువ్వు ఎత్తకు" అన్నది.

అక్కకు చదువు రాదు, అప్పటికే చూపు మసక పడుతున్నది. నా నంబరును ఎట్లా పట్టుకున్నదనుకున్నారు? అంకెకొక ఉయ్యాలో చేర్చి బతుకమ్మ ఆడినట్టే రాగం తీసి పాడుకుంటూ, మీటల ఫోనును వేళ్ళతో తడుముతూ నొక్కుతుంది. రాగం మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ మొదటికి పోవాల్సిందే. ఈ ఎనిమిదేళ్ళలో మొన్నమొన్నటి దాకా ఆ రింగు ఏ పొద్దూ తప్పలేదు.

ఇప్పుడు తెలిసిందా, పాత కంపెనీ సిగ్నలు పోతున్నది, వేరే కంపెనీకి మారు అమ్మమ్మా అని మీరు పోయిన ఎండాకాలం నుంచి పోరుతుంటే నేను ఎందుకు ఊ అనలేదో? కంపెనీ మారితే నంబరు మారుతుందని నా బెంగ. నంబరు మారితే అక్కకు ఈ వయసులో కొత్త పాట ఎవరు నేర్పాలి? నంబరు పోదు అని నువ్వు ఎంత చెప్పినా నాకు నమ్మకం కుదరలేదు. కానీ సిగ్నలు రోజురోజుకూ సన్నగిల్లింది. ఫోను పట్టుకుని వంటింట్లోంచి గుమ్మానికి, గుమ్మం నుంచి జామచెట్టు కిందికి, అక్కడి నుంచి నీళ్ళ తొట్టి గట్టు మీదికి, తెల్లవారితే ఇదే నా తిరుగుడు. ఒకనాడు ఆరింటికి రావాల్సిన అక్క రింగు పదింటికి గానీ అందలేదు. ఆ నాలుగు గంటలూ నేను చాట ముందు కూర్చున్న పాతికేళ్ళ పిల్లనైపోయాను.

ఇక లాభం లేదని కంపెనీని నేనే ఎంచుకున్నాను, నా పద్ధతిలో. నువ్వు ఒక కంపెనీ మంచిదన్నావు, తమ్ముడు ఇంకొకటన్నాడు, మీ ఇద్దరూ ఉండేది పెద్ద పట్నాల్లో, నా వంటింటి సంగతి మీకేం తెలుసు. లైనులో ఎవరిది ఏ కంపెనీయో కనుక్కుని, ఒక్కొక్కరి ఫోను అడిగి తెచ్చి, నా వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి, బయటి నుంచి చేయించి చూశాను. ఆదివారం చర్చి నుంచి వస్తున్న పక్కింటి వదినె, వాళ్ళాయన నాకు వరసకు అన్న, ఇది చూసి, అల్లుడిని ఎంచినప్పుడు కూడా ఇన్ని ఇండ్లు తిరగలేదు గదా నువ్వు అని నవ్వింది. ఆఖరికి పొయ్యి పక్కన నిండుగా మోగింది ఆమె ఫోనే.

చౌరస్తాలో గొడుగు కింద కూర్చుని ఆ కంపెనీ కార్డులిచ్చే పిల్ల నెమ్మదస్తురాలు. నంబరు పోదని ఆమె కూడా ఒట్టేసి చెప్పింది, వేలిముద్ర తీసుకునే చిన్న పెట్టె నా ముందుకు జరిపింది, ఇంతలో తన ఫోనులో ఏదో చూసి, ఈ నంబరు ఎవరి పేరు మీద ఉన్నదని అడిగింది. మా ఇంటాయన పేరు మీద అన్నాను.

"అయితే తాతను తోల్కరా అమ్మమ్మా, ఆయన ఏలిముద్ర కావాలె."

"ఆయన మీదికి రాడు బిడ్డా" అన్నాను, ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆ పిల్లకు అర్థం కాలేదు. పోయి ఎనిమిదేళ్ళయిందని చెప్పాక పెట్టె మెల్లగా వెనక్కి జరుపుకుంది.

ముందు నంబరు నా పేరు మీదికి మారాలట, అప్పటి నుంచి మంచిర్యాల తిరుగుడు. మీ తాత పోయినట్టు కాగితం, నేను ఆయన భార్యనే అన్నట్టు ఇంకో కాగితం, నాకేమీ అభ్యంతరం లేదని మీ అమ్మ సంతకం. పాత కంపెనీ ఆఫీసులో మీ తాత పేరు తీసేసి నా పేరు ఎక్కిస్తుంటే అద్దం అవతల నిలబడి చూశాను. నా జిందగీకి అని ఆయన కొన్నది, కొన్నాయన పేరు లేకుండా నాదైపోయింది. పేరు మారాక కూడా కొన్నాళ్ళు ఆగాలన్నారు, ఆగాను, ఆగడం నాకు కొత్త కాదు. చివరికి గొడుగు కింది పిల్ల కొత్త కార్డు చేతికిచ్చి, ఒక పూట పాతది పని చేయదు, కొత్తది మొదలు కాదు, గాబరా పడకు అన్నది. ఒక్క పూటే కదా అనుకుని నేను అక్కకు చెప్పలేదు. తప్పు నాదే. అది ఏ పూటో నేను అడగాల్సింది.

తెల్లవారి ఆరింటికి ఫోను చచ్చిపోయింది. చాయ వేళ దాటింది, రింగు లేదు, కార్డు తీశాను, పెట్టాను, మళ్ళీ తీశాను. పక్కింటి ఫోనుతో చేద్దామంటే అక్క నంబరు పాత కార్డులోనే ఉన్నది, దాన్ని ఎట్లా బయటికి తీయాలో నాకూ పక్కింటి వదినెకూ తెలియదు, నాకు నోటికి రాదు. ఆమె నా నంబరును పాట కట్టి పెట్టుకున్నది, చదువుకున్న నేను మాత్రం ఆమె నంబరును మిషన్‌కు వదిలేశాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

సరిగ్గా మూడింటికి కొత్త కార్డుకు గీతలు వచ్చాయి. సంతోషంగా వాకిట్లోకి వచ్చానో లేదో, లైను మొగదల నుంచి శోకం వినిపించింది. మా దిక్కు చావింటికి వచ్చే ఆడవాళ్ళు మలుపు తిరగగానే రాగం ఎత్తుకుంటారు. ఎవరింటికో పాపం అని నేనూ చీపురు పట్టుకుని తొంగి చూశాను. మా అక్క. కోడలు చెయ్యి పట్టుకుని, నా పేరు పెట్టి, నా చిన్నప్పటి సంగతులన్నీ రాగంలో చెప్పుకుంటూ వస్తున్నది. ఇండ్లలోంచి అందరూ బయటికి వచ్చి ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూస్తున్నారు. దగ్గరికి వచ్చి నా చేతులు, భుజాలు, మొహం తడిమింది, తడిమి వీపు మీద ఒక్కటి వేసింది.

"సచ్చినవనుకున్ననే. ఫోనుల బాయి ఏదో చెప్పింది, పాట మళ్ల మళ్ల పాడి నొక్కిన, మళ్ల అదే చెప్పింది. నువ్వు లేవని చెప్తున్నదనుకున్న."

"ఫోను సచ్చింది అక్కా, నేను గాదు."

పక్కింటి వదినె నవ్వు ఆపుకోలేక లోపలికి పోయి, కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ చాయ పట్టుకొచ్చింది. అక్క నాలుగు రోజులున్నది. ఇప్పుడు ఎంతసేపు మాట్లాడినా పైసలు ఒక్కటేనట, ఇక నుంచి ఎత్తుదాం అనుకున్నాం. ఆమె ఊరికి పోయాక మొదటి పొద్దు అరగంట మాట్లాడుకున్నాం, పత్తి గురించి, మోకాళ్ళ గురించి. రెండో రోజు కోడలి గురించి. మూడో రోజు ఇద్దరం చాలాసేపు ఊరికే ఫోను పట్టుకుని ఉన్నాం. నాలుగో రోజు అక్కే, ఎత్తకే, రింగు పాడైతున్నది అన్నది.

ఇప్పుడు మూడు గంటలకు మా లైనులో ఏ ఫోనూ మోగి ఆగదు. పిల్లలంతా ఎక్కడెక్కడో ఉన్నారు, అందరూ అందరితో ఎంతసేపైనా మాట్లాడుతూనే ఉంటారు, ఎవరు మీదికి వచ్చారో ఎవరు ఇంకా లోపలే ఉన్నారో ఆ మాటల్లో నాకు తెలియడం లేదు. అందుకే అక్క రింగు రాగానే నేను మీ ఇద్దరికీ ఒక్కొక్కటి ఇచ్చాను, రేపు కూడా ఇస్తాను. మీటింగులోంచి లేవకండి బిడ్డా, తిరిగి చేయకండి, ఎత్తకండి. మోగి ఆగనివ్వండి. మీకు వీలైనప్పుడు, పని ముగించి మీదికి వచ్చినప్పుడు, నాకూ ఒక్కటి ఇవ్వండి. మూడింటికి నేను వాకిట్లోనే ఉంటాను.