అన్నిచోట్లా ఒకటే పెట్టె

ముప్పై ఒక్కేళ్ళు కిరందూల్ ఇనుప గనుల స్టోర్స్‌లో పనిచేసినవాణ్ణి నేను. పేరు చక్రధరరావు. అక్కడ ఒంటికి పట్టిన అలవాటు ఒకటుంది నాకు: ఏ వస్తువైనా అన్నిచోట్లా ఒకే రకం వాడాలి. అన్ని యంత్రాలకీ ఒకటే బోల్టు అయితే, బీరువాలో ఒక్క స్పేరు ఉంటే చాలు, ఎక్కడ విరిగినా అదే బిగిస్తాం. కొండ మీద యంత్రం ఆగిపోయి ఇంజనీర్లు గోల పెడుతున్నప్పుడు ఈ అలవాటే చాలాసార్లు నా పరువు కాపాడింది. అందుకని దాని మీద నాకు కాస్త గర్వం. కాస్త ఏమిటిలెండి, చాలానే. ఆ గర్వాన్ని చెవి పట్టుకుని కిందికి దింపిన అమ్మాయి పేరు ఇంద్రాణి. ఆమె గురించే ఇది రాస్తున్నాను.

ఇంద్రాణి బచేలి టౌన్‌షిప్‌లో పెరిగింది. వాళ్ళ నాన్న నాగార్జున శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి గనిలో డంపర్ నడిపాడు. ఆ పిల్ల జగదల్‌పూర్‌లో పాలిటెక్నిక్ చదివి, నగర్‌నార్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర కేబుళ్ళు లాగే పనితో మొదలుపెట్టి, తన ముప్పై రెండో ఏట జగదల్‌పూర్‌లోని మా ట్రస్టు ఆసుపత్రికి నెట్‌వర్క్ ఇన్‌చార్జి అయింది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో హిందీ, బజార్లో హల్బీ మాట్లాడుతుంది. కోపమొస్తే ఆమెకి మాట తగ్గుతుంది, నాకు పెరుగుతుంది. అందుకే మా వాదనల్లో ఎప్పుడూ నేనే గెలిచినట్టు కనిపించేది.

రిటైరయ్యాక నన్ను ఇంట్లో భరించలేక మా ఆవిడ పార్వతమ్మే ఈ ఆసుపత్రి స్టోరుకి పంపింది. ఆసుపత్రికి ఊళ్ళలో ఐదు చిన్న దవాఖానాలున్నాయి. అన్నిటికన్నా దూరం భేజ్జి. అక్కడ మంగి అనే నర్సు ఒక్కతే ఉంటుంది. మంగళవారం, శుక్రవారం ఆమె కంప్యూటర్ ముందు రోగిని కూర్చోబెడితే, ఇక్కడ డాక్టర్ వికాస్ తెరలో చూసి మందు రాస్తాడు. ఆ తెర లేకపోతే భేజ్జి వాళ్ళకి డాక్టర్ అనే మనిషే లేడు.

రెండేళ్ళ కిందట ఈ ఆరు చోట్లనీ ఒకే నెట్‌వర్క్‌లో కలపాలనుకున్నారు. ఏ పెట్టెలు కొనాలో ఇంద్రాణి ఒక పేజీలో రాసి తెచ్చింది. ఆసుపత్రి లోపలి కంప్యూటర్లని కలపడానికి లేయర్ త్రీ స్విచ్. ఊళ్ళలో మాత్రం, బయటి దారులు చూసుకునే రౌటర్లు.

"రెండు రకాలెందుకమ్మాయ్?" అన్నాను. "స్విచ్చే అన్నిచోట్లా పెట్టెయ్. అదీ దారి చూపిస్తుందంటున్నావుగా?"

"చూపిస్తుంది బాబాయ్, ఇంటి లోపల. ల్యాబుకీ, ఎక్స్‌రేకీ, ఫార్మసీకీ మధ్య ఎంత రద్దీ ఉన్నా సమాచారం చిటికెలో అందిస్తుంది. ఆ పనిలో రౌటర్ దాని ముందు దిగదుడుపే. కానీ భేజ్జిలో ఉన్నవి నాలుగు కంప్యూటర్లు. అక్కడ కష్టం గదుల మధ్య కాదు, దారిలో. లైను తెగితే ఫోను సిమ్ మీదికి మళ్ళాలి. బయటి ఇంటర్నెట్ మీద వెళ్ళేటప్పుడు రోగుల వివరాలు ఎవరి కంటా పడకుండా తాళం వేసి పంపాలి. మనం కొనే స్విచ్‌కి ఆ రెండూ రావు."

"లైను ఎందుకు తెగుతుంది? టెలిఫోన్ కంపెనీ వాళ్ళు మనకి విడిగా లైను ఇస్తున్నారు కదా!" అని గొంతు పెంచాను. బోల్టుల కథ మొత్తం మళ్ళీ చెప్పాను. ఆమెకి మాట తగ్గింది. ఆ పేజీ నా ముందుకి జరిపి, "మీ అభిప్రాయం కింద రాసి సంతకం పెట్టండి బాబాయ్" అంది. 'అన్నిచోట్లా ఒకే రకం స్విచ్ ఉండాలి' అని రాసి, పేరు పొడుగ్గా గీసి సంతకం చేశాను. స్టోర్సు మాట కదా, ఆసుపత్రి కమిటీ కూడా ఒప్పుకుంది. ఆరు చోట్లకి ఆరు, స్పేరుకి ఒకటి, మొత్తం ఏడు స్విచ్‌లు వచ్చాయి.

ఏడు నెలలు గడియారంలా నడిచింది. ఇంద్రాణి కనబడితే చాలు, "ఏమ్మా, దారి తప్పిందా మన పెట్టె?" అని ఆటపట్టించేవాణ్ణి. నవ్వేసి వెళ్ళిపోయేది.

జూలైలో వానలు పడ్డాయి. అదే సమయంలో రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. భూమిలో ఉన్న లైను ఒకసారి తెగింది, అతికించారు. నాలుగో రోజు ఇంకోచోట తెగింది. ఇక అదే తంతు. నేను బీరువాలోంచి స్పేరు స్విచ్ తీసి భేజ్జికి పంపాను. దాన్ని బిగించారు. అదీ అంతే చేసింది. బోల్టు విరగలేదు, దారే పోయింది. పోయిన దారికి ఎన్ని స్పేర్లు పంపితే ఏం లాభం?

తమాషా ఏమిటంటే, భేజ్జిలో మంగి ఫోనుకి సిగ్నల్ వస్తూనే ఉంది. దాన్ని వాడుకునే తెలివి మాత్రం నేను పట్టుబట్టి కొన్న పెట్టెకి లేదు. పది మైళ్ళ దూరం నుంచి నడిచొచ్చినవాళ్ళు నల్ల తెర చూసి వెళ్ళిపోయారు. మూడుసార్లు అలా అయ్యాక రావడమే మానేశారు.

నెలాఖరు మీటింగులో డాక్టర్ వికాస్ తేల్చేశాడు. ఇంకో రెండు వారాల్లో లైను నిలకడగా లేకపోతే తెరలో రోగుల్ని చూసే భేజ్జి కౌంటరు మూసేస్తారు. డాక్టరు దానికిచ్చే గంటలు వేరే ఊరికి ఇస్తారు. ఆ తర్వాత, "నెట్‌వర్క్ వేసేటప్పుడు ముందుచూపు ఉండాలి" అని ఇంద్రాణి వైపు చూశాడు. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె చేతి సంచిలో నా సంతకమున్న ఆ పేజీ ఉంది. అంచు బయటికి కనిపిస్తోంది కూడా. తీస్తుందనుకున్నాను. తీయలేదు. "వారం టైమివ్వండి సార్" అంది, అంతే. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా కూర్చున్న మీటింగు అదొక్కటే, అదీ మాట్లాడాల్సినప్పుడు. సిగ్గేసింది.

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకు చూపించలేదమ్మా?"

"చూపిస్తే తప్పెవరిదో తేలుతుంది బాబాయ్. భేజ్జికి లైను రాదుగా."

నేను వెనక్కి తిరిగి డాక్టర్ గదిలోకి వెళ్ళాను. ఆ పెట్టెలు కొనిపించింది నేనేననీ, ఆమె వద్దని రాసిచ్చిందనీ చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే ఆమె రాసినట్టే చేయండి రావుగారూ" అన్నాడు.

ఇంద్రాణి అప్పటికే నగర్‌నార్‌లోని పాత కాంట్రాక్టరుని అడిగి వారం రోజుల కోసం ఒక రౌటర్ అరువు తెచ్చింది. శుక్రవారం తెల్లవారుతూనే జీపులో బయల్దేరి మధ్యాహ్నానికి భేజ్జి చేరాం. వరండాలో ఒకే ఒక్క మనిషి ఉంది, వెంకమ్మ అని, కూలి పనికి పోయే పెద్దావిడ. నెల రోజులుగా బీపీ మాత్రలు లేవు.

"మళ్ళ ఏం తెచ్చిన్రు సారూ, ఇంకో పెట్టెనా?" అంది మంగి. మర్యాదగానే అంది కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది.

ఇంద్రాణి స్విచ్ విప్పి రౌటర్ బిగించింది. అందులో సిమ్ పెట్టింది. ల్యాప్‌టాప్‌లో గంటన్నర ఏదో చేసింది. అదృష్టం కొద్దీ ఆ రోజు లైను ఉంది, తెర మీద డాక్టర్ వికాస్ వచ్చాడు. వెంకమ్మ కుర్చీలో కూర్చుని ఒళ్ళు తిరుగుతోందని చెప్పడం మొదలుపెట్టింది.

"మంగీ, లైను వచ్చే ఆ పసుపు రంగు తీగ పీకెయ్" అంది ఇంద్రాణి.

మంగి తెల్లబోయింది. "ఏంది మేడం, నడుస్తున్నదాన్ని నేనే పీకాల్నా?"

"నువ్వే పీకాలి. రేపు నేనుండను."

మంగి ఒక్కసారి నా వైపు చూసి తీగ లాగేసింది. తెరలో డాక్టరు నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. ఒకటి, రెండు, మూడు... నేను పైకే లెక్కపెడుతున్నానని తర్వాత చెప్పారు. పదకొండు దగ్గర డాక్టరు కదిలాడు. "... ఉప్పు తగ్గించమని చెప్పండి" అంటున్నాడు. ఆయనకి ఏం జరిగిందో తెలియనే తెలియదు.

"వాగు పొంగితే ఇసుక రేవు ఇడిసి గుట్ట మీంచి పోతం గద, గట్ల పోయిందా?" అంది మంగి.

"గట్లనే" అంది ఇంద్రాణి. నేను ఏడాదికి అర్థం చేసుకున్నదాన్ని మంగి పదకొండు సెకన్లలో అర్థం చేసుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పుకున్నాను.

వెంకమ్మ మందుల పొట్లం కొంగున కట్టుకుని గుమ్మం దగ్గర ఆగింది. "మంగళారం ఉంటడా డాక్టరు?" అని అడిగింది. మంగి నోరు తెరిచి, తెర వైపు చూసింది. మూడుసార్లు మాట తప్పిన నోరు అది, నా వల్ల. పసుపు తీగ ఇంకా చేతిలోనే ఉంది. తెరలో డాక్టరు కనిపిస్తూనే ఉన్నాడు.

"ఉంటడు," అంది మంగి. "అందర్నీ రమ్మను."

ఐదు ఊళ్ళకీ రౌటర్లు వచ్చాయి. వెనక్కి తెచ్చిన స్విచ్‌లు వృథా పోలేదు, ఆసుపత్రి కొత్త అంతస్తులో ల్యాబుకీ స్కానింగుకీ మధ్య ఇప్పుడు సమాచారాన్ని పరుగులు పెట్టిస్తున్నాయి. కమిటీ భేజ్జి కౌంటరు మాట మళ్ళీ ఎత్తలేదు. స్టోరు బీరువాలో ఇప్పుడు రెండు రకాల స్పేర్లుంటాయి. ఒక అర మీద 'ఇంట్లోకి' అనీ, ఇంకో అర మీద 'దారికి' అనీ చీటీలు అంటించాను.

పోయిన మంగళవారం పొద్దున్నే లైను మళ్ళీ తెగిందట. సాయంత్రం ఇంద్రాణి తన ఫోనులో చూపిస్తే తెలిసింది. అప్పటికే భేజ్జిలో పందొమ్మిది మందిని చూసి డాక్టర్ వికాస్ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు లైను లేదని ఆయనకి ఇప్పటికీ తెలియదు.